ఏ దేవుడి మొక్కమ్మా?

దేవుని కడప గుడి ముందు పూలమ్మే పెద్దావిడ నన్ను ఆపి మరీ అడిగింది: "ఏ దేవుడి మొక్కమ్మా?"

అప్పుడు ఉదయం ఆరు కావస్తోంది. ఒళ్ళంతా చెమట, చేతికి పరుగు దూరం లెక్కపెట్టే గడియారం, కాళ్ళకు మాత్రం ఏమీ లేదు. మొక్కు కాదమ్మా, ఊరికే పరుగెత్తుతున్నాను అన్నాను. ఆవిడ నమ్మలేదు. మొక్కు బయటికి చెప్పకూడదని దాస్తున్నానని అనుకున్నట్టుంది. మూరెడు కనకాంబరాలు చేతిలో పెట్టి, డబ్బులు ఇవ్వబోతే వద్దంది. "తీరాక వచ్చి చెప్పు" అంది.

మా ఊళ్ళో వట్టి కాళ్ళకు రెండే అర్థాలు. ఒకటి మొక్కు, రెండోది లేమి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నల్లబట్టల స్వాములు ఏడురోడ్ల కూడలిలో చెప్పులు లేకుండా తిరుగుతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. తిరుమలకు నడిచి వెళ్ళేవాళ్ళూ అంతే. వెంకన్న కొండకు కడప తొలి గడప కాబట్టి ఆ నడక మాకు కొత్త కాదు. చిన్నప్పుడు అన్నమయ్య చెప్పులతో కొండ ఎక్కబోయి సొమ్మసిల్లితే, అమ్మవారు కలలో కనిపించి చెప్పులు విప్పి ఎక్కమన్న కథ మా వైపు ప్రతి అవ్వకూ తెలుసు. తాళ్ళపాక మాకు దగ్గరే కదా. నా చేతి గడియారం చూసి లేమి కాదని తేల్చుకుంటారు. ఇక మిగిలింది మొక్కే. నలభై నాలుగేళ్ళ లెక్కల టీచరు మోకాలి నొప్పితో మొదలుపెట్టి చెప్పులు విప్పేదాకా వచ్చిందంటే ఎవరికీ రుచించదు.

జరిగింది మాత్రం అదే.

నాలుగేళ్ళ కిందట రక్తపోటు కాస్త ఎక్కువగా ఉందని, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. స్టేడియంలో నడక మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఐదింటికే అక్కడ పరుగెత్తే గుంపు ఒకటి ఉండేది. బ్యాంకువాళ్ళు, టీచర్లు, ఇద్దరు పోలీసులు, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్ర ఇంజనీరు, అందరూ కలిసి ఇరవై మంది. ఆడవాళ్ళం నలుగురం. వాళ్ళ సలహా మీదే ఐదు వేల రెండు వందలు పెట్టి బూట్లు కొన్నాను. మడమ కింద రెండు వేళ్ళ మందాన మెత్త. అవి వేసుకోగానే కాస్త పొడవు పెరిగినట్టుండేది. అబద్ధమెందుకు, ఆ పొడవు నాకు నచ్చింది.

ఏడాది తిరిగేసరికి కుడి మోకాలి చిప్ప కింద నొప్పి. ముందు మెట్లు దిగేటప్పుడు, తర్వాత నల్లబల్ల ముందు గంటసేపు నిలబడితే కూడా. బూట్లు రెండుసార్లు మార్చాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. వట్టి కాళ్ళతో పరుగెత్తేవాళ్ళు చాలామంది తమ నొప్పులన్నీ బూట్ల మీదికి నెట్టేస్తారు. నేను నెట్టను. బరువు తగ్గకముందే వేగం పెంచాను, విశ్రాంతి రోజులు ఎగ్గొట్టాను, తొడ కండరాలకు వ్యాయామం చేయమంటే వారం చేసి మానేశాను. ఇన్ని చరరాశులున్న చోట ఒకే ఒక్క సమీకరణం రాసి, తప్పంతా బూట్లదేనని తేలిస్తే, పదో తరగతి పిల్లవాడికైనా నేను మార్కులు వెయ్యను.

ఆ అక్టోబరులో వాన పట్టుకుంది. మాకు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా గట్టిగానే పడతాయి. బుగ్గవంకలో నీళ్ళు కనిపించేదీ అప్పుడే. బూట్లు రెండు రోజులైనా ఆరలేదు, పాత పేపర్లు కుక్కినా ఆరలేదు. మూడో రోజు విసుగొచ్చి చెప్పులతో స్టేడియానికి వెళ్ళి, చెప్పులు గట్టు మీద విడిచి, తడిసిన ఎర్రమట్టిలో రెండు చుట్లు పరుగెత్తాను. ఎనిమిది వందల మీటర్లు. మోకాలు నొప్పి పెట్టలేదు. అంతకంటే ముందు నాకు తెలిసింది ఇంకొకటి: చప్పుడు లేదు. ఏడాదిగా నా వెనకే ఎవరో మూటలు దించుతున్నట్టు దబ్ దబ్ మని వినిపించేది. అది నా అడుగుల చప్పుడేనని అది ఆగిపోయాక గాని తెలియలేదు.

మర్నాడు పిక్కలు బండల్లా బిగిశాయి. మూడు రోజులు మెట్లు పక్కవాటుగా దిగాను. కుర్చీలో కూర్చుని పాఠం చెబుతుంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను కూర్చుని పాఠం చెప్పింది లేదు.

పిక్కల నొప్పి తగ్గగానే పెద్ద తప్పు చేశాను. మోకాలి నొప్పి లేదన్న సంబరంలో రెండో వారంలోనే ఐదు కిలోమీటర్లు పరుగెత్తేశాను, అదీ సిమెంటు రోడ్డు మీద. ఆ సాయంత్రం ఎడమ పాదం పైభాగాన, వేళ్ళకు కాస్త వెనక, వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయినంత పనయింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఒత్తిడితో వచ్చే సన్నటి పగులు మొదటి వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా పడదని, పగులు ఉందనుకునే జాగ్రత్త పడమని డాక్టరు చెప్పారు. ఆరు వారాలు పరుగు బంద్. పాదంలో 26 ఎముకలుంటాయని బడిలో చదువుకున్నదే. ఏడాదిపాటు మెత్తల్లో నిద్రపోయిన ఎముకలను ఒక్క ఉదయం లేపి మూటలు మోయిస్తే ఏమవుతుందో మాత్రం పుస్తకంలో లేదు.

ఆ ఆరు వారాలూ మా అత్తయ్య నన్ను బాగా సాధించారు. "కొన్న బూట్లు అటక మీద పెట్టి కాలు విరగ్గొట్టుకున్నావా? మేము బూట్లు కొనివ్వలేదని ఊరంతా అనుకోదా?" ఆవిడ బాధ కాలి గురించి సగం, ఊరి గురించి సగం.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు లెక్క ప్రకారం వెళ్ళాను. మొదటి నెల పరుగే లేదు. ఇంట్లో, మేడ మీద చెప్పులు లేకుండా నడక. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరికి లాగడం, పిట్టగోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. రెండో నెల స్టేడియం మట్టిలో రోజు విడిచి రోజు రెండు వందల మీటర్లు. మిగతా పరుగంతా బూట్లతోనే. ఒక కిలోమీటరు దాకా పక్షానికోసారి రెండు వందలు, ఆ తర్వాత కాస్త ఎక్కువ కలుపుతూ వచ్చాను. పాదం పైన చిన్న మూలుగు వినిపించినా వెనక్కి తగ్గాను. ఒక కిలోమీటరు చేరడానికి మూడు నెలలు, ఐదు చేరడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ గుంపులో అందరికంటే నెమ్మదైనదాన్ని నేనే. పోలీసు సార్లు ఇద్దరూ నన్ను దాటిపోతూ "మేడం, ముల్లు గుచ్చుకుందా?" అని అడిగేవారు, నేను మామూలుగానే పరుగెత్తుతున్నప్పుడు కూడా.

మా ఇంట్లో నేల కడప బండలే. యర్రగుంట్ల నుంచి వచ్చిన నల్లబండలు, ముప్ఫై ఏళ్ళ తుడుపుకు నున్నగా అద్దంలా అయ్యాయి. నాకు పరుగు నేర్పింది అవే. ఉన్నచోటే పరుగెత్తుతూ చప్పుడు వినేదాన్ని. మడమ ముందు పడితే బండ 'ఠక్' మంటుంది, ఆ అదురు పళ్ళ దాకా వస్తుంది. పాదం ముందుభాగం మెల్లగా ఆనిస్తే, ఆ వెంటనే మడమ ముద్దు పెట్టినట్టు దిగితే, ఏమీ వినిపించదు. బూట్ల మెత్త ఉన్నప్పుడు కాలు ఎంత ముందుకు చాచి మడమ మోదినా తెలియదు. వట్టి కాలు ఒప్పుకోదు. అడుగు చిన్నదవుతుంది, పాదం ఒంటి కిందికి వచ్చి పడుతుంది. అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేదాన్ని. బూట్లతో నిమిషానికి 156 వచ్చేది, ఏడాది తర్వాత వట్టి కాళ్ళతో 176. వేగం పెరగలేదు, అడుగు చిన్నదయింది అంతే.

కుర్ర ఇంజనీరు నాకు ఫోనులో పరిశోధనలు పంపేవాడు. 2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో రాసింది చదివాను: చిన్నప్పటి నుంచి వట్టి కాళ్ళతో పరుగెత్తేవారు ఎక్కువగా పాదం ముందుభాగం గాని మధ్యభాగం గాని మొదట ఆనిస్తారని, అలా ఆనినప్పుడు నేల నుంచి వచ్చే మొదటి దెబ్బ తక్కువని. సంబరపడ్డాను. మూడేళ్ళ తర్వాత వచ్చిన ఇంకో పరిశోధన కూడా ఆ అబ్బాయే పంపాడు. ఉత్తర కెన్యాలో ఎప్పుడూ చెప్పులు వేసుకోని దాసనచ్ తెగవాళ్ళు తమకు వీలైన వేగంలో పరుగెత్తేటప్పుడు చాలామంది మడమే ముందు ఆనించారట. కాబట్టి వట్టి కాలికి ఒకే శాస్త్రం లేదు. దెబ్బ తక్కువ కాబట్టి గాయాలు కూడా తక్కువేనని ఆ మొదటి పరిశోధన ఎక్కడా తేల్చలేదు. ఈ రెండో మాట వట్టికాళ్ళ ప్రచారకులెవరూ చెప్పరు. నేనూ కొన్నాళ్ళు చెప్పలేదు.

బికిలా కథ కూడా అంతే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో. గుంపులో ఎవరు నన్ను ఆటపట్టించినా ఈ అంకె విసిరేదాన్ని. అదే బికిలా నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో బూట్లు వేసుకుని పరుగెత్తి, మూడు నిమిషాలు తగ్గించి మళ్ళీ గెలిచాడు. ఆ సంగతి ఇంజనీరు నలుగురి ముందు బయటపెట్టిన రోజున నేను మంచినీళ్ళ సీసా మూత తెరవడంలో చాలా తలమునకలయ్యాను.

ఇక నేల సంగతి. బూట్లున్నవాళ్ళకు రోడ్డంటే ఒకటే రోడ్డు. నాకు కడపలో పదిహేను రోడ్లున్నాయి. కాలనీల సిమెంటు రోడ్డు గరుకుగా, ఎండుకొబ్బరి కోరులా ఉంటుంది. అడుగు ఈడిస్తే తోలు లేచిపోతుంది. పాత తారు రోడ్డు చక్రాల కింద అరిగి అరిగి మెత్తనైన చోట పట్టులా ఉంటుంది. కొత్తగా చిప్స్ చల్లిన తారు నరకం. హైవే అంచున వేసే తెల్లగీత అన్నిటికంటే హాయి, నున్నగానూ ఉంటుంది, ఎండలో పక్కనున్న తారు కంటే చల్లగానూ ఉంటుంది. ఎదురుగా బండ్లు లేనప్పుడు ఆ జానెడు గీత మీద సర్కసు అమ్మాయిలా పరుగెత్తుతాను.

ముళ్ళలో అందరూ భయపడేది పల్లేరు కాయలకు. అది భయపడవలసినది కాదు. గుచ్చుకోగానే తెలుస్తుంది, ఒంటికాలి మీద నిలబడి తీసేస్తే అయిపోతుంది. భయపడవలసింది సర్కారు తుమ్మ ముల్లుకు. పాలకొండల వైపు మట్టిదారిలో కంపలు కొట్టి పడేసిన చోట ఒకసారి నేను చూసుకుని పక్కకు తప్పుకున్నాను. నా వెనక వస్తున్న బ్యాంకు సారు బూటు అడుగును దూసుకుని అరికాల్లోకి దిగింది. ఆయన బూటు అప్పటికి ఎనిమిది వేలు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నవ్వాను.

చిన్నప్పుడు మా అవ్వ ముల్లు విరిగితే జిల్లేడు పాలు వేసేది. అది కంట్లో పడితే ఎంత ప్రమాదమో తెలిశాక నేను ఆ పని చేయను. రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు కడిగి, మంచి వెలుతురులో అరికాళ్ళు చూసుకుంటాను. ధనుర్వాతం టీకా పదేళ్ళకోసారి తప్పదు. చెత్తకుప్పల పక్కన, జనం బహిర్భూమికి వెళ్ళే చోట అడుగు పెట్టను. కొంకిపురుగు లార్వా అరికాలి చర్మం గుండానే లోపలికి వెళుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకు మా సైన్సు టీచరు చెబుతుంటే గోడ అవతల నుంచి నాకు వినిపిస్తూనే ఉంటుంది. గాజుపెంకుల కంటే నాకు ఎక్కువ ఇబ్బంది ఉమ్ములు. ఎంత ప్రాక్టీసు చేసినా ఆ రోత పోలేదు, పోకూడదు కూడా.

గుంపులో ఒక పెద్దాయనకు పదిహేనేళ్ళుగా మధుమేహం. నన్ను చూసి తానూ చెప్పులు విప్పుతానన్నారు. కళ్ళు మూసుకోమని, అరికాలి మీద పక్షి ఈకతో రాశాను. ఎక్కడ రాశానో ఆయన చెప్పలేకపోయారు. వద్దు సార్, మీరు ఇంట్లో కూడా చెప్పులు విప్పకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి అన్నాను. స్పర్శ తగ్గిన కాలికి గాయమైనా తెలియదు. వట్టి కాళ్ళ పరుగంతా ఆ స్పర్శ మీదే నడుస్తుంది, అది లేనప్పుడు మిగిలేది మొండితనమే.

మెట్టెల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. బూట్లలో మెట్టె పక్కవేలిని కొరికేది. వట్టి కాళ్ళతోనైతే మెట్టెకు, వేలికి మధ్య సన్నటి ఇసుక దూరి, నాలుగు కిలోమీటర్లకల్లా రక్తం కనిపించేది. తీసేస్తానంటే అత్తయ్య ముఖం మాడిపోయింది. రెండు రోజుల మౌనం తర్వాత ఆవిడే దారి చూపించారు: తాళి బాగుచేయించేటప్పుడు పసుపు తాడు కట్టుకోమా, అలాగే పరుగెత్తేటప్పుడు వేలికి పసుపు దారం చుట్టుకొమ్మన్నారు. తానే చుట్టారు. రెండో కిలోమీటరుకు తెగిపోయింది. రోజూ చుట్టేవారు, రోజూ తెగేది. నెల తర్వాత దారపుండ అయిపోయింది, ఆవిడ కొత్తది తెప్పించలేదు. ఇప్పుడు మెట్టెలు ఆదివారాలు దేవుడి గూట్లో పసుపు భరిణె పక్కన ఉంటాయి. ఆ సంగతి ఇద్దరం మాట్లాడుకోం. సాయంత్రం నా అరికాళ్ళలో పల్లేరు మొనలు వెతికేది కూడా ఆవిడే, రెండు జతల కళ్ళద్దాలు మార్చి మార్చి.

ఈ మధ్యలో నాకు కాస్త గర్వం పట్టింది. దాచడమెందుకు. నేలతల్లి స్పర్శ అని, మన పూర్వులందరూ ఇలాగే నడిచారని, బూట్లు వ్యాపారమని పరుగు అయ్యాక టీ దగ్గర ఉపన్యాసాలిచ్చేదాన్ని. ఒక ఆదివారం మా గుంపులోని హిందీ మాస్టారు అంతా విన్నారు. ఆయన మాట తక్కువ మనిషి. పరుగయ్యాక బూట్లు విప్పి, జేబురుమాలుతో దుమ్ము తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతారు. ఆ రోజు తుడుస్తూనే అన్నారు:

"మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టేవాడు మేడం. పెద్ద వీధిలోకి వస్తే తన చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడు. మీరు చెప్పులు విప్పితే మొక్కు అనుకుంటారు. ఆయన విప్పితే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. విప్పకపోతేనే అనుకునేవారు."

కోపంగా అనలేదు. టీ తాగేసి గ్లాసు కడిగి పెట్టి, రేపు ఐదింటికి కదా అని అడిగి వెళ్ళిపోయారు. నేను చెప్పిన పూర్వుల జాబితాలో వాళ్ళ తాత లేడు. ఆ పెద్ద వీధి లాంటి వీధిలోనే మా తాత అరుగు ఉండేది. అరుగు మీద కూర్చున్నవాళ్ళ కాళ్ళకు ఏముండేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు తర్వాత టీ దగ్గర ఉపన్యాసాలు మానేశాను. పరుగు మానలేదు.

మొదలుపెట్టిన పద్నాలుగో నెలలో, డిసెంబరులో, మా ఊళ్ళోనే పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. ముందురోజు నంబరు కాగితం తీసుకోవడానికి వెళితే నిర్వాహకుల్లో ఒకాయన నా కాళ్ళ వంక చూసి, బూట్లు లేకుండా ఒప్పుకోం అన్నాడు. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధనల్లోనే పోటీదారు వట్టి కాళ్ళతో గాని, ఒక కాలికో రెండు కాళ్ళకో పాదరక్షలతో గాని పాల్గొనవచ్చని ఉందని ఫోనులో చూపించాను. ఆయనకు ఆ 'ఒక కాలికో' అన్నది విచిత్రంగా తోచి, పక్కాయనను పిలిచి చూపించాడు. ఒక్క బూటుతో ఎవరు పరుగెత్తుతారని ఇద్దరూ కాసేపు చర్చించుకున్నారు. చివరికి, దెబ్బ తగిలితే తమకు సంబంధం లేదని రాయించుకుని నంబరు ఇచ్చారు.

పరుగు మొదలయ్యే చోట నాకున్న భయం రోడ్డు గురించి కాదు, బూట్ల గురించి. ఆరు వందల మంది ఒక్కసారిగా కదిలినప్పుడు ఎవరి బూటు ఎవరి వేళ్ళ మీద పడుతుందో చెప్పలేం. అందుకే అందరికంటే వెనక, రోడ్డు అంచున నిలబడ్డాను. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. చుట్టూ నారింజ, చిలకాకుపచ్చ, గులాబీ రంగుల బూట్లు. పక్కన ఒక చిన్నపాప వాళ్ళమ్మ చేయి లాగి "ఆ ఆంటీ బూట్లు ఎవరో ఎత్తుకుపోయారు" అంది.

కోటిరెడ్డి సర్కిల్ దాకా రోడ్డు మంచిది. మొదటి మూడు కిలోమీటర్లు ఎవరినీ దాటలేదు. నాలుగో కిలోమీటరులో ఒకాయనను దాటబోతే ఉలిక్కిపడి "అమ్మా, వస్తున్నట్టే తెలియలేదే" అన్నాడు. అప్పటికి చాలామంది బూట్లు దబ్ దబ్ మంటున్నాయి. అలిసేకొద్దీ ఆ చప్పుడు పెరుగుతుంది. మంచినీళ్ళ బల్ల దగ్గర రోడ్డంతా తడి, నలిగిన కాగితపు గ్లాసులు. బూట్లవాళ్ళు జారకుండా నెమ్మదిస్తుంటే నా కాళ్ళకు ప్రాణం లేచి వచ్చింది.

ఆరో కిలోమీటరులో ఆ ఆనందం తీరిపోయింది. బుగ్గవంక దాటాక ఎక్కడో రోడ్డు తవ్వి పైపు వేసి, పైన కంకర పరిచి వదిలేశారు. వారం కిందట ఆ దారి చూసుకున్నప్పుడు అది లేదు. మూడు వందల మీటర్లు ఉంటుంది. నిప్పుల గుండం తొక్కినట్టు చేతులు చాచి, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ నడిచాను. నేను దాటినవాళ్ళందరూ వరసగా నన్ను దాటారు. హిందీ మాస్టారు కూడా వెనక నుంచి వచ్చారు. ఆగలేదు, చేయి పట్టుకోమనలేదు. "ఎడమ అంచున మట్టి ఉంది మేడం" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. ఎడమ అంచున నిజంగానే బెత్తెడు మట్టి ఉంది.

1 గంట 13 నిమిషాలు. బూట్లతో నా పాత సమయం కంటే రెండు నిమిషాలు ఎక్కువే. కుడి బొటనవేలి కింద ఒక బొబ్బ. మోకాలు మాట్లాడలేదు.

అక్కడి నుంచి గుంపంతా దేవుని కడప గుడికి వెళ్ళాం. పూలావిడకు మొక్కు తీరిందని చెప్పేశాను. లేకపోతే ఆవిడ నన్ను వదలదు. దర్శనం అయ్యేసరికి ఎండ బాగా ఎక్కింది. డిసెంబరైనా పదకొండు గంటల ఎండలో రాతి పరుపు మామూలుగా ఉండదు. బూట్లన్నీ బయటే విడిచి వచ్చిన ఇరవై మందీ ప్రాకారం నీడ వైపు గెంతుకుంటూ పరుగెత్తారు. "మేడంకేం, అలవాటే" అని ఎవరో అరిచారు. అలవాటు రాయికే గాని వేడికి కాదు. కంకర మీద పద్నాలుగు నెలలు తోమిన అరికాలు కూడా కాలే బండ మీద పసిపిల్ల అరికాలే. అందరితో పాటు నేనూ గెంతాను, బహుశా అందరికంటే ఎత్తుగా. అందుకే మార్చి నుంచి జూన్ దాకా ఏడు దాటితే నేను రోడ్డు మీద ఉండను. సాయంత్రం పరుగుకు ఎనిమిదయ్యేదాకా తారు ఒప్పుకోదు.

ఇప్పుడు వారంలో మూడు రోజులు వట్టి కాళ్ళు, రెండు రోజులు పలుచటి అడుగున్న బూట్లు. దారి తెలియని చోట, చీకట్లో, వానకు కొట్టుకొచ్చిన చెత్త ఉన్నప్పుడు బూట్లే.

బడిలో మాత్రం చిక్కొచ్చి పడింది. ప్రభుత్వం పిల్లలకు ఇచ్చే కిట్టులో బూట్లు, సాక్సులు ఉంటాయి. ప్రార్థన వేళ ఎవరు వేసుకురాలేదో చూసే పని నాది. "మీరు బూట్లు లేకుండా పరుగెత్తుతారట, మమ్మల్ని మాత్రం అడుగుతారు" అని ఒక పిల్ల అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. జవాబు రేపు చెబుతానన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు.

మొన్న జనవరిలో మండలం ఆటల పోటీలకు పిల్లలను తయారుచేస్తుంటే, ఎనిమిది వందల మీటర్లకు తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వట్టి కాళ్ళతో వచ్చి గీత మీద నిలబడ్డాడు. బూట్లేవిరా అంటే, "మీలాగే మేడం" అన్నాడు. ఒక్క క్షణం, సరిగ్గా ఒక్క క్షణం, నాకు చాలా సంతోషం వేసింది. వాడు పరుగెత్తి వచ్చి కూర్చున్నప్పుడు చూశాను. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడి ఉన్నాయి. వట్టి కాళ్ళ పరుగుకు రెండు గోళ్ళూ అలా నల్లబడడం అరుదు. ఎక్కువగా బూటు ముందుభాగం ఒత్తుకుంటేనే నల్లబడతాయి. వాడి సంచి తెరిపించాను. కిట్టు బూట్లు అందులోనే ఉన్నాయి, మడమ దగ్గర తొక్కి తొక్కి చెప్పుల్లా చేసుకున్నవి. కొలత తీసుకున్నప్పుడు ఆరో నంబరు. ఆ తర్వాత వాడు చెట్టులా పెరిగాడు. ఇంట్లో చెబితే ఇప్పుడెక్కడి నుంచి తెస్తామంటారని చెప్పలేదు. నాలాగే అంటే ఎవరూ అడగరని కనిపెట్టాడు.

శనివారం బడి విడిచాక వాడిని వైవీ స్ట్రీటుకు తీసుకువెళ్ళాను. హిందీ మాస్టారు కూడా వచ్చారు, బూట్ల సంగతి నాకేం తెలుసని. అడుగు వంచి చూశారు, మడమ నొక్కి చూశారు, రెండు జతలు పక్కన పెట్టించారు, ధర దగ్గర గట్టిగా బేరమాడారు. అబ్బాయి కొట్లోనే అటూ ఇటూ నాలుగుసార్లు పరుగెత్తాడు. ఎనిమిదో నంబరు సరిపోయింది. వాడింకా పెరుగుతున్నాడు కదా అని మాస్టారు తొమ్మిదో నంబరు ఇప్పించారు.